ఎర్ర దారం కట్టిన ఫారం

రండి, జర దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద పాలుంటే దించి రండి, మధ్యలో లేస్తే నాకు మాట తెగిపోతుంది. మీరంతా చదువుకున్నవాళ్లు, నేను నాలుగో తరగతిలో పలక కింద పెట్టినదాన్ని. అయినా కాలేజీ చదువుల సంగతి ఒకటి మీకు నేనే చెప్పాలి. అందులో తప్పు నాది కాబట్టి ఇంకొకళ్లు చెప్తే కుదరదు.

1979 సంవత్సరం, జూన్ నెల. హనుమకొండలో ఆడపిల్లల జూనియర్ కాలేజీ. అందులో నేను అటెండర్‌ని. అటెండర్ అంటే గంట కొట్టాలి, కుండల్లో నీళ్లు నింపాలి, ఫైళ్లు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మోయాలి, పిల్లలు కళ్లు తిరిగి పడితే మొహాన నీళ్లు చల్లాలి. పిల్లలు నన్ను ఆయమ్మా అనేవాళ్లు. ఆఫీసులో మాత్రం శాంతమ్మా అని పిలిచేవాళ్లు.

జూన్ వచ్చిందంటే అడ్మిషన్లు. టెన్త్ పాసైన పిల్లలు ఇంటర్‌లో చేరే రోజులు. చేరేటప్పుడే గ్రూపు ఎంచుకోవాలి. గ్రూపు అంటే రెండేళ్లు కలిపి చదివే సబ్జెక్టుల జట్టు. మా కాలేజీలో అప్పటికి రెండే గ్రూపులు. బై.పి.సి. అంటే చెట్ల చదువు, జంతువుల చదువు, దాంతో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ. డాక్టరు కావాలన్నవాళ్లకు అది. సి.ఇ.సి. అంటే సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. ముందుముందు బి.కాం. చదవాలన్నవాళ్లకు ఇది. వినడానికి రెండూ సమానమే. ఆఫీసులో మాత్రం అలా ఉండేది కాదు.

ఎందుకంటే, వందల ఫారాలు వచ్చి పడేవి. మా క్లర్క్ రామచంద్రం సారు ఒక్కడే. అందుకని నాకొక పద్ధతి నేర్పాడు. ప్రతి ఫారం వెనక టెన్త్ మార్కుల మెమో ఉంటుంది. దాని మీద ఫస్ట్ క్లాస్ అని ఉంటే ఎర్ర దారం కట్ట, లేకపోతే పచ్చ దారం కట్ట. నాకు ఇంగ్లీషు రాకపోయినా ఆ రెండు మాటల ఆకారం కంటికి అలవాటైపోయింది. ఎర్ర కట్ట మొత్తం బై.పి.సి. లిస్టుకు పోతుంది, పచ్చ కట్ట సి.ఇ.సి. లిస్టుకు పోతుంది. ఫారంలో గ్రూపు రాయడానికి ఒక గడి ఉండేది. దాన్ని ఎవరూ చూసేవాళ్లు కాదు. ఫస్ట్ క్లాసు వచ్చిన పిల్ల ఆ గడిలో కామర్స్ అని రాస్తుందని ఎవరు అనుకుంటారు?

ఆ ఏడు ఒక పిల్ల రాసింది.

పిల్ల పేరు రాజమణి. ఊరు కేసముద్రం పక్కన పల్లె. మడికొండలో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుందామని వచ్చింది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలు వేసుకుని ఉండేది. బుధవారం పొద్దున లిస్టులు నోటీసు బోర్డుకు అంటించాం. బై.పి.సి. లిస్టులో ఆ పిల్ల పేరు మూడోది. తండ్రి కూడా వచ్చాడు ఆ రోజు. తెల్ల ధోతి, భుజం మీద తువ్వాల. పేరు కొమురయ్య అని తర్వాత తెలిసింది. ఎవరో లిస్టు చదివి వినిపిస్తే ఆ మనిషి నోటీసు బోర్డుకు దండం పెట్టాడు. నిజంగానే, రెండు చేతులెత్తి. “నా బిడ్డ డాక్టరు సదువుల పడ్డది” అని, ఎదురొచ్చిన నాతో కూడా చెప్పి, పన్నెండు గంటల బండికి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను కుండలు నింపుతున్నాను. ఆ పిల్ల వచ్చి నా పక్కన నిలబడింది. గ్లాసు చేతిలో ఉంది, నీళ్లు మాత్రం ముంచుకోవడం లేదు.

“ఆయమ్మా, నా ఫారం ఎవలన్న తప్పు సదివిండ్లా?”

“తప్పేమున్నది బిడ్డా? నీ పేరు మూడోది గదా!”

“నేను రాసింది సి.ఇ.సి.”

నాకు నవ్వొచ్చింది. “కప్పను కొయ్యాలంటే భయమైతాందా? అందరు మొదట్ల గట్లనే ఏడుస్తరు. రెండో నెలల కప్ప కాలు పట్టుకొని కబుర్లు జెప్పుకుంటరు.”

“భయం లేదు ఆయమ్మా. కొయ్యమంటే కోస్త. నాకు అది వద్దు.”

అప్పుడు చూశాను ఆ పిల్ల కళ్లు. రాత్రంతా ఏడ్చిన కళ్లు. కూర్చోబెట్టి అడిగాను. మెల్లగా చెప్పింది.

వాళ్ల నాన్న కేసముద్రం మార్కెట్ యార్డులో దడ్వాయి. అంటే రైతులు తెచ్చిన బస్తాలను కాంటా మీద పెట్టించి తూకం చెప్పే మనిషి. బడి సెలవుల్లో రాజమణి ఆయనకు సద్ది తీసుకుపోయేది. కాంటా పక్కన ఒక బల్ల ఉంటుంది. ఆ బల్ల దగ్గర గుమస్తా కూర్చుని, తండ్రి అరిచిన తూకం తక్‌పట్టీ మీద రాస్తాడు. తక్‌పట్టీ అంటే రైతు చేతికిచ్చే చీటీ. ఇన్ని బస్తాలు, ఇంత తూకం, ఇంత ధర అని ఉంటుంది. రైతు ఏడాది పంట అంతా ఆ చీటీలోకి వచ్చేస్తుంది.

“రైతులు ఆ చీటీ వట్టుకొని తిప్పి తిప్పి జూస్తరు ఆయమ్మా. మా బాపు గూడ గంతే. తూకం జెప్పేది మా బాపే, గని ఆ కాయితం మీద ఏమున్నదో ఆయనకు ఎర్కనే లేదు. ఆ బల్ల కాడ ఒక్క ఆడిది లేదు. ఒకనాడు గుమస్తాను అడిగిన, ఏం సదివితే గీ బల్ల కాడ కూసోవచ్చని. బీకాం అన్నడు. మా బడి పెద్దసారును అడిగితే, ఇంటర్ల సి.ఇ.సి. తీసుకొమ్మన్నడు. గదే రాసిన.”

“మరి మీ బాపుకు జెప్పినవా?”

తల అడ్డంగా ఊపింది. “ఫారం మీద ముందే సంతకం వెట్టించుకున్న. నిన్న బాపు మొకం జూసినంక నోరు రాలే. మార్కెట్ల అందరికి పేడాలు పంచుతనని పోయిండు.”

ఆ పిల్లను అక్కడే ఉండమని చెప్పి ఆఫీసుకు పోయాను. ఎర్ర కట్ట విప్పి ఫారం తీసి రామచంద్రం సారు ముందు పెట్టాను. “సారూ, ఈ గడిల ఏం రాసున్నది జూడుండ్రి.”

కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. మొహం మారిపోయింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, “ఫస్ట్ క్లాసు పిల్లల గ్రూపు గడి నేనెప్పుడు సూడలే శాంతమ్మా” అన్నాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడలేదు. కానీ తేల్చి చెప్పాడు. “శనివారం ఐదు గంటలకు లిస్టులు పైకి పంపాలె. సి.ఇ.సి.ల ఒక్క సీటున్నది. ఆలోపు తండ్రొచ్చి సంతకం వెడితే పేరు మారుస్త. రాకుంటే ఆ పేరు నేను ముట్ట. రేపు ఆయనొచ్చి లొల్లి జేస్తే జవాబెవరు జెప్పాలె?”

పక్క బల్ల దగ్గర కామర్స్ చెప్పే సుగుణ మేడం ఉంది. ఆమె ఆ ఫారం అందుకుని మెమో చూసి, “లెక్కల్లో ఇన్ని మార్కులా!” అంది. ఆ రోజుల్లో ఆమె క్లాసుకు వచ్చేవాళ్లు చాలామంది వేరే సీటు దొరక్క వచ్చినవాళ్లే. కోరి వచ్చిన పిల్ల ఎలా ఉంటుందో చూద్దామని రాజమణిని పిలిపించింది. నేను అక్కడే నిలబడి విన్నాను.

“సి.ఇ.సి. తీసుకుంటే లెక్కల సబ్జెక్టు ఉండదమ్మా, తెలుసా? లెక్కలు, కామర్స్ కలిసి ఉండే గ్రూపు ఇంకోటి ఉంది గానీ అది మన దగ్గర లేదు.”

“తెలుసు మేడం.”

“అయితే ఒక మాట. టెన్త్ లెక్కల పుస్తకం ఎవరికీ ఇచ్చెయ్యకు. వారానికి రెండు రోజులైనా తియ్యి. బి.కాం.లో స్టాటిస్టిక్స్ వస్తుంది. లెక్కలు మరిచిపోయినవాళ్లు అక్కడే పడిపోతారు. ఇంగ్లీషు గట్టిగా పట్టు. సాయంత్రం టైపు నేర్చుకో. ఇంటర్‌లో కామర్స్ పునాది లేకుండా బి.కాం.కు పోతే, సగం కథ నుంచి వినడం మొదలుపెట్టినట్టు ఉంటుంది. కాబట్టి నువ్వు రాసింది సరైన గ్రూపే. ఇక మీ నాన్నే రావాలి.”

ఉత్తరం రాస్తే శనివారానికి చేరదు. పిల్లను పంపితే తండ్రి ముందు నోరు తెరవదు. దారం కట్టింది నేను. శుక్రవారం సెలవు చీటీ పెట్టి, వరంగల్ స్టేషన్‌లో పొద్దుటి ప్యాసింజర్ ఎక్కాను.

కేసముద్రంలో దిగి యార్డులో అడుగు పెట్టగానే మొదట తుమ్ములు. ఎటు చూసినా మిర్చి కుప్పలు. నేను తుమ్ముతూనే కొమురయ్య కాంటా ఎక్కడని అడిగాను. ఒక హమాలీ నవ్వి, “డాక్టరు బాపా? గా రేకుల కింద” అన్నాడు. రెండు రోజుల్లో పేరే పెట్టేశారన్నమాట.

కొమురయ్య పనిలో ఉన్నాడు. అక్కడ తూకంలో మొదటి బస్తాను ఒకటి అనరు, లాభం అంటారు. శుభానికి అట్లా మొదలుపెడతారు. ఆయన గొంతు యార్డంతా వినిపిస్తోంది. లాభం, రెండు, మూడు అని ఒక వరసలో, పాట పాడినట్టు. హమాలీలు బస్తా ఎత్తుతున్నారు, దించుతున్నారు. గుమస్తా తల ఎత్తకుండా రాస్తున్నాడు. నేను ఒక పక్కన నిలబడ్డాను.

పదకొండో బస్తా ఎక్కించాక ఆయన గొంతు ఆగిపోయింది. వంగి చూశాడు. కాంటా పళ్లెం కింద గోనెతాడు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. వేలితో లాగి పారేశాడు.

“దించుండ్రి. అన్ని మొదటికెళ్లి” అన్నాడు.

“ఏందే! పది బస్తాలు మళ్లా?” హమాలీలు ఘొల్లుమన్నారు. “డాక్టరు బాపుకు పేడా తలకెక్కిందిరో!”

ఆ మిర్చి రైతే, “పోనీ తియ్యే కొమురన్నా, ఎంత తేడా వస్తది, జరంత” అన్నాడు.

“గా తాడు ఎన్నో బస్తా కాడ ఇరికిందో నాకెర్క లేదు. ఎర్క లేనప్పుడు మొదటికెళ్లి తూగాలె. నేను జెప్పిన తూకం తప్పని నాకు ఎర్కైనంక గూడ గట్లనే రాపిస్తే, ఇగ నేనెందుకీడ నిలవడుడు?”

పది బస్తాలూ మళ్లీ ఎక్కాయి. గుమస్తా రాసిన కాగితం చింపి కొత్తది తీశాడు. లాభం దగ్గర నుంచి మళ్లీ పాట మొదలైంది. రైలులో వస్తూ నేను కూడబెట్టుకున్న మాటలన్నీ అక్కడే వదిలేశాను. వాటి అవసరం తీరిపోయింది.

పని అయ్యాక నన్ను చూసి గుర్తుపట్టి గాభరా పడ్డాడు. “నువ్వు కాలేజీల ఉంటవు గదా చెల్లె? నా బిడ్డకేమన్న అయ్యిందా? దవాఖానల ఉన్నదా?”

“ఏం గాలే అన్నా. బిడ్డ మంచిగున్నది. జర కూసో.”

చాయ్ తెప్పించాడు. నేను ఏమీ దాచకుండా చెప్పాను. పిల్ల రాసింది ఒకటి, నేను కట్టిన దారం ఇంకొకటి అని. విన్నకొద్దీ ఆయన మొహం ఎర్రబడింది.

“కామర్సంటె షావుకార్ల పిల్లల సదువు. మాకు దుకాణమున్నదా, బియ్యం గిర్ని ఉన్నదా? ఫస్టు క్లాసు దెచ్చుకున్న పిల్లకు ఫేలైనోళ్ల గ్రూపా? అయినా ఎవరికి ఏ గ్రూపు ఇయ్యాల్నో తేల్చేది మీ ప్యూనమ్మలా?”

“నేనే తేల్చిన అన్నా. గదే నా తప్పు” అన్నాను. “నాకు సదువురాదు. మెమో మీద రెండు మాటలు జూసి ముడేసిన. నీ బిడ్డ ఏం రాసిందో సూడలే. ఇప్పుడు జూసిన. పదకొండో బస్తా కాడ నువ్వు ఆగినవు గదా? నేను గూడ ఆగుదామని వచ్చిన. బస్తా తప్పేం లేదు దీంట్ల.”

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, ఆ కాంటా వైపు చూస్తూ, “మరి పేడాలు తిన్నోళ్లకు ఏం జెప్పాలె?” అన్నాడు.

“తిన్న పేడాలు ఎవరన్న తిరిగిస్తరా? తీపి తీపే గదా. ఏ సదువైతేంది వాళ్లకు?”

మీసం కింద నవ్వొచ్చిందేమో, తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. వస్తానని మాత్రం అనలేదు. “బండికి ఆలస్యమైతది. పో చెల్లె” అన్నాడు, అంతే.

శనివారం. పొద్దున్నుంచి రాజమణి ఆఫీసు మెట్ల మీదే కూర్చుంది. మధ్యాహ్నం నా డబ్బాలోంచి రెండు ముద్దలు పెడితే ఒకటే తిన్నది. స్టేషన్ నుంచి మూడు గంటల బస్సు వచ్చి పోయింది. మూడున్నరకు రామచంద్రం సారు లిస్టులు కవరులో పెట్టడానికి తీశాడు. నన్ను చూసి మళ్లీ బల్ల మీద పెట్టాడు. నాలుగు దాటింది. గేటు దగ్గర తెల్ల ధోతి కనబడింది. చొక్కా భుజం మీద మిర్చి ఎరుపు ఇంకా అలాగే ఉంది. కాంటా దగ్గర నుంచి నేరుగా బండెక్కినట్టున్నాడు.

మెట్ల మీద కూతురిని దాటుకుని ఆఫీసులోకి వచ్చాడు. “కామర్సు జెప్పే అమ్మ ఎవరు?” అని అడిగాడు. సుగుణ మేడం లేచి కుర్చీ చూపించింది. కూర్చోలేదు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన తక్‌పట్టీ తీసి ఆమె ముందు పెట్టాడు.

“అమ్మా, ఇది రాసుడు నీ సదువుల ఉంటదా?”

ఆమె దాన్ని తీసుకుని పైనుంచి కింది దాకా శ్రద్ధగా చదివింది. “రాయడం మొదటి నెలలోనే వస్తుందన్నా. ఇలా ఎందుకు రాస్తారో, ధర ఎవరు నిర్ణయిస్తారో, మార్కెట్ ఎలా నడుస్తుందో, రైతులు కలిసి సంఘం పెట్టుకుంటే ఏమవుతుందో, అదంతా తర్వాత చదువు. రెండేళ్లు ఇంటర్, మూడేళ్లు బి.కాం. కష్టమే. ఉద్యోగం తప్పకుండా వస్తుందని నేను చెప్పలేను. డాక్టరు చదువుకైనా సీటు తప్పకుండా వస్తుందని ఎవరూ చెప్పలేరు.”

అప్పుడు ఆయన కూతురి వైపు తిరిగాడు. “నువ్వు జెప్పు బిడ్డా. భయపడకు. నేను ఇన్నేండ్లు తూకం జెప్పిన. నువ్వు ఆ బల్ల కాడ కూసుంటనన్నవట?”

“అవు బాపు.”

“నాతోని ఎందుకనలే?”

“నువ్వు బోర్డుకు దండం పెట్టినవు.”

ఆ మాటకు ఆయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత కలం అడిగాడు. ఆయనకు రాసుకోవడం వచ్చింది పేరొక్కటే. నాలుక పళ్ల మధ్య పట్టుకుని, వంకర అక్షరాలతో, కొ దగ్గర ఒకసారి ఆగి, పూర్తి చేశాడు. రామచంద్రం సారు బై.పి.సి. లిస్టులో ఆ పేరు కొట్టేసి సి.ఇ.సి.లో రాశాడు. నేను ఎర్ర దారం విప్పి ఆ ఫారం తీసి పచ్చ దారంలో పెట్టి ముడేశాను.

కొమురయ్య వెంటనే పోలేదు. “కొత్త కాయితం బోర్డుకు అంటియ్యి చెల్లె, జూసి పోత” అన్నాడు. అంటించాను. చదవడం రాదు కదా, కూతురి వేలు పట్టుకుని, “ఏదీ, ఎక్కడున్నవు?” అని అడిగాడు. ఆ పిల్ల తన పేరు మీద వేలు పెట్టి చూపించింది. ఈసారి దండం పెట్టలేదు. ఆ అక్షరాల మీద తన వేలు కూడా పెట్టి చూసుకుని వెళ్లిపోయాడు.

రాజమణి ఆ రెండేళ్లు రోజూ మధ్యాహ్నం నా దగ్గర కూర్చుని తినేది. తింటూ తింటూ నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది. చాక్‌పీసు ముక్కతో మెట్ల మీద రాసి చూపించేది. అన్నీ రాలేదు గానీ గ్రూపుల పేర్లు చదవడం వచ్చింది. ఆ మరుసటి జూన్ నుంచి నేను గడి చదవకుండా ఏ ఫారానికీ దారం కట్టలేదు. ఫస్ట్ క్లాసు పిల్ల కామర్స్ రాస్తే పక్కన పెట్టి సారుకు చూపించేదాన్ని. ఆ ఏడు అట్లాంటివి మూడు వచ్చాయి. అంతకుముందు ఏళ్లలో నేను చూడకుండా కట్టినవి ఎన్నో, అవి ఎటు పోయాయో, ఆ పిల్లలు కప్పలు కోస్తూ ఏమనుకున్నారో. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

1986లో, అడ్మిషన్ల రోజుల్లోనే, కొమురయ్య మళ్లీ వచ్చాడు. జుట్టు తెల్లబడింది. వెంట చిన్న కూతురు. రాజమణి బి.కాం. పాసై, కిందటేడే మార్కెట్ ఆఫీసులో గుమస్తాగా చేరిందట.

“బల్ల కాడ కూసుంటాందా అన్నా?”

“కూసునుడేంది చెల్లె! నేను గొంతు జర తగ్గిస్తే, ‘బాపూ, ఇనవడలే, మళ్ల జెప్పు’ అంటది అందరి ముంగట. రైతులు తక్‌పట్టీ వట్టుకొని అక్కడనే నిలవడ్తరు, అది సదివి ఇనిపిచ్చేదాక కదలరు. హమాలీలు ఇప్పుడు నన్ను డాక్టరు బాపు అనుడు బందు వెట్టిండ్లు. గుమస్తా బాపు అంటాండ్లు.”

చిన్న కూతురి ఫారం నాకిచ్చాడు. వెనక మెమో తిప్పి చూశాను. ఫస్ట్ క్లాసే. అలవాటుగా చెయ్యి దారాల డబ్బా వైపు పోయింది. ఆయన నా చెయ్యి ఆపాడు.

“ఇది దవాఖానల పని జేస్తదట. అడిగిన, మూడుసార్లు అడిగిన. ఈసారి ఎర్ర దారమే. గని చెల్లె, ముందుగాల సదివి కట్టు.”

గడిలో చూశాను. బై.పి.సి. అని గుండ్రంగా రాసి ఉంది. పైకి చదివి వినిపించి, అప్పుడు ఎర్ర దారం కట్టాను.

ఇన్నేళ్ల కొలువులో నాకు తెలిసింది ఇదే. మెమో చూస్తే పిల్లకు ఏం చేతనవుతుందో తెలుస్తుంది. ఏం కావాలో ఆ గడిలో ఉంటుంది. ఆ గడిని పిల్లతోనే రాయించండి, రాసింది చదవండి. అప్పటికే పొరపాటున ముడి పడి ఉంటే సిగ్గుపడకండి, విప్పి మళ్లీ కట్టండి.

ఇంతసేపు నా మాట విన్నారు. మీ పిల్లలు కోరి రాసుకున్న చదువు వాళ్లకు అబ్బాలి. మీ గుమ్మంలోకి వచ్చిన మాట ప్రతిదీ మంచిదై ఉండాలి. మీ ఇంట్లో ఏ లెక్క మొదలుపెట్టినా లాభం దగ్గరే మొదలు కావాలి. సల్లగుండండి.